నకలు తీసిన చెయ్యి

మ్యూజియం లేబుల్‌ని నేను కోడ్ చదివినట్టు చదువుతాను, పైనుంచి కిందకి. ముందు బొమ్మలో ఉన్న మనిషి పేరు, ఆయన హోదా, పుట్టిన ఏడు, పోయిన ఏడు. తర్వాత బొమ్మ వేసినవాళ్ళ పేరు. అక్కడ 'అజ్ఞాత చిత్రకారుడు' అని ఉంటే చాలామంది చూపు ఆగిపోతుంది. దాని కింద 'ఫలానా చిత్రానికి నకలు' అనే ముక్క కూడా ఉంటే ఇంక ఆ బొమ్మ పని అయిపోయినట్టే. పక్క గదిలో రెంబ్రాంట్ ఉండగా, పేరు లేనివాడెవడో తీసిన నకలు ముందు ఎవరు నిలబడతారు?

అలాంటి బొమ్మల ముందు కాసేపు నిలబడదామనే ఈ వ్యాసం. నిలబడటం అంటే, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని మా చోడవరంలో కూర్చుని లాప్‌టాప్‌లో జూమ్ చేసుకుంటూ చూడటమే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన సేకరణలో చాలా భాగాన్ని పెద్ద సైజు ఫోటోలుగా అందరికీ ఉచితంగా ఇస్తోంది. అంటే నేను చూసేది నకలుకి నకలు. ఆ సంగతి మనసులో పెట్టుకునే మాట్లాడతాను.

ఆ సేకరణలో ఒక వరుస ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆసియాలో రాజధాని బటావియా, ఇప్పటి జకార్తా. అక్కడ కొలువున్న గవర్నర్ జనరళ్ళ బొమ్మల్ని ఒకరి తర్వాత ఒకరివి వేయించి ప్రభుత్వ భవనంలో వేలాడదీసేవారు. కంపెనీ 1799లో మూతపడింది. దాని చోట డచ్చి ప్రభుత్వం వచ్చింది. వరుస మాత్రం ఆగలేదు. ఇండోనేషియా చేజారాక ఆ బొమ్మలు నెదర్లాండ్స్ చేరాయి.

ఈ వరుసలో నాకు పని ఉన్న మనిషి యాకొబ్ మోసెల్. 1704లో పుట్టాడు, కుర్రతనంలోనే ఓడెక్కాడు. మన కోరమాండల్ తీరంలో సుమారు ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాడు. 1738లో ఆ తీరానికంతటికీ గవర్నర్ అయ్యాడు. ఉన్నది నాగపట్నంలోనే గానీ, ఆయన చేతికింద నడిచిన కొఠీల్లో మనవి చాలా ఉన్నాయి: మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కన జగన్నాథపురం, మాకు దగ్గర్లో భీమునిపట్నం. 1750లో గవర్నర్ జనరల్ అయ్యాడు. 1761లో ఆ పదవిలో ఉండగానే బటావియాలో పోయాడు.

మన పాఠ్యపుస్తకాల్లో డచ్చివాళ్ళకి అర పేజీ ఇస్తారు. ఇంగ్లీషువాళ్ళు రాకముందు వచ్చి, వాళ్ళు వచ్చాక వెళ్ళిపోయినవాళ్ళుగా. కానీ బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. వలందా అంటే హాలండే. భీమిలిని వాళ్ళు పూర్తిగా వదిలింది 1825లో. రెండు వందల ఏళ్ళ కాపురానికి అర పేజీ. మోసెల్ పేరు ఆ అర పేజీలో కూడా ఉండదు.

ఇక బొమ్మ సంగతి. ఈ వరుసలో బొమ్మల్ని ఒకదాని పక్కన ఒకటి ట్యాబుల్లో తెరిచి చూస్తే మనిషి కంటే ముందు ఫార్మాట్ కనిపిస్తుంది. దుస్తులు కాలాన్ని బట్టి మారతాయి. గడ్డాలు పోతాయి, విగ్గులు వస్తాయి, విగ్గులు పోతాయి. కానీ నిలుచునే తీరు, చూసే తీరు, 'నేనొక పదవిని' అని చెప్పే తీరు పెద్దగా మారవు. గ్రామ పంచాయతీ ఆఫీసులో పాత సర్పంచుల ఫోటోలు గుర్తుతెచ్చుకోండి. ఆ ఫోటోలని ఒక్కొక్కటిగా ఎవరూ చూడరు. అవి వరుసగా ఉండటమే వాటి అర్థం. కుర్చీ ఎప్పుడూ ఖాళీగా లేదని చెప్పడానికి అవి అక్కడున్నాయి.

ఇలాంటి వరుసలో 'అసలు' అనే మాట తొందరగానే జారిపోతుంది. బటావియా తేమకీ వేడికీ కాన్వాసులు ఆగవు. పాడైనచోట మళ్ళీ మళ్ళీ రంగు పూశారు. 1850లలో ఈ ప్రభుత్వ చిత్రాల సంరక్షణ బాధ్యత రాదెన్ సాలెహ్‌కి అప్పజెప్పారు. జావా మనిషి, యూరప్‌లో ఇరవై ఏళ్ళు ఉండి చిత్రకళ నేర్చుకుని పేరు తెచ్చుకుని వచ్చినవాడు. గవర్నర్ జనరల్ డాండెల్స్ బొమ్మ ఆయన 1838లో వేశాడు. డాండెల్స్ 1818లోనే చనిపోయాడు. కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి వేసింది కాదు. అంతకుముందున్న ఏదో ఒక రూపాన్ని చూసుకుని వేసిందే. దాన్ని మనం రాదెన్ సాలెహ్ చిత్రం అంటాం. నకలు అనం. సంతకం ఉంది కాబట్టి.

రెంబ్రాంట్ విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. 1656, 1661 మధ్యలో ఆయన మొగలు చిత్రాలని చూసి జపాన్ కాగితం మీద బొమ్మలు గీసుకున్నాడు. ఓ రెండు డజన్లు మిగిలాయి. షాజహాన్, దారా షికో, చెట్టు కింద కూర్చున్న నలుగురు ముల్లాలు. వాటిని కళాచరిత్రకారులు నకళ్ళు అంటారు గానీ గొంతు తగ్గించి అనరు. 'రెంబ్రాంట్ తూర్పుని ఎలా చూశాడు' అని ప్రదర్శనలు పెడతారు. ఆయన చూసి గీసిన మొగలు చిత్రాల్లో చాలావాటికి మాత్రం వేసినవాళ్ళ పేర్లు లేవు. ఇక్కడ అసలు వేసినవాడు అజ్ఞాత, నకలు తీసినవాడు మహానుభావుడు. మోసెల్ లాంటివాళ్ళ బొమ్మల దగ్గర నకలు తీసినవాడు అజ్ఞాత. రెండుచోట్లా చేతులు చేసిన పని ఒకటే. లేబుల్ మీద అక్షరాల సైజే వేరు.

మన గోల్కొండలో కూడా ఈ వ్యాపారం నడిచింది. రైక్స్‌మ్యూజియంలోనే విట్సెన్ ఆల్బం అని ఒకటి ఉంది. 1686 ప్రాంతంలో గోల్కొండలో వేసిన 49 రాజపురుషుల బొమ్మలు. ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి మేయరుగా చేసిన నికోలాస్ విట్సెన్ దగ్గర ఉండేది. యూరప్ నుంచి వచ్చినవాళ్ళకి అమ్మడానికి గోల్కొండ చిత్రకారులు ఇలాంటి సెట్లు తయారుచేసేవారు. అవే ముఖాలు, అవే భంగిమలు, మళ్ళీ మళ్ళీ. 1687లో ఔరంగజేబు గోల్కొండని తీసుకున్నాడు. రాజ్యం పోయింది, సెట్లు హాలండ్‌లో మిగిలాయి. వేసినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

ఇంతవరకూ నేను చెప్పింది న్యాయం గురించి. పేరు లేనివాళ్ళకి అన్యాయం జరిగింది అనడం తేలిక, అలా అనేసి ఊరుకోవడం ఇంకా తేలిక. విమర్శ అన్నాక ఇంకో ప్రశ్న అడగాలి. పేరు సంగతి పక్కన పెట్టి చూస్తే, నకలు బొమ్మలో చూడ్డానికి ఏమైనా ఉందా?

ఉంది. ఎక్కడ చూడాలో తెలియాలి, అంతే. నకలు తీసినవాడు బొమ్మలో అన్ని చోట్లా ఒకే శ్రద్ధ పెట్టలేడు. ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ ధైర్యంగా చెయ్యి కదిపాడో చూస్తే ఆయన ఏది ముఖ్యం అనుకున్నాడో తెలుస్తుంది. సాధారణంగా నకలు బొమ్మల్లో ముఖం దగ్గర జాగ్రత్త ఎక్కువ, ప్రాణం తక్కువ. గీత ఎక్కడా తప్పదు, కానీ చూపు ఎవరి మీదా ఆనదు. అదే చెయ్యి కోటు మీదకి రాగానే వదులవుతుంది. బొత్తాలు, జరీ, మణికట్టు దగ్గర లేసు, వీటిని ఇష్టంగా వేస్తాడు.

దీన్ని మామూలుగా నైపుణ్యలోపం కింద జమకడతారు. ముఖం రాదు కాబట్టి బట్టలు వేశాడు అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే మోసెల్ గవర్నర్ జనరల్‌గా చేసిన పనుల్లో బాగా గుర్తుండిపోయింది 1754లో తెచ్చిన ఒక నియమావళి. ఆడంబరాలని అదుపు చేసే చట్టం. ఎవరి బండికి బంగారు పూత ఉండొచ్చు, ఎవరి భార్య ఎంత ఖరీదైన నగలు పెట్టుకోవచ్చు, ఎవరు ఎలాంటి బట్ట కట్టొచ్చు, ఎవరి తలమీద గొడుగు పట్టొచ్చు, ఎవరి వెనకాల ఎంతమంది బానిసలు నడవొచ్చు, ఇలా హోదాల వారీగా రాసిపెట్టారు. గొడుగు, పల్లకీ ఎవరికి చెల్లుతాయన్న గొడవ మనకి కొత్త కాదు. దాన్ని ఒక కంపెనీ సర్క్యులర్‌గా అచ్చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ ప్రపంచంలో బొత్తం అలంకారం కాదు, డేటా. కోటు మీద కుట్టుపని చూసి మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో చదివేవాళ్ళు. నకలులో ముక్కు కాస్త అటూ ఇటూ అయితే కొంప మునగదు, కోటు తప్పితే హోదా తప్పుతుంది. కాబట్టి కోటు మీద మనసు పెట్టిన నకలుకారుడు తన పని తెలిసినవాడే. గోడమీద వేలాడేది ఒక వ్యక్తి అని మనం ఈరోజు అనుకుంటున్నాం. ఆయనకి అది పదవి అని తెలుసు. పదవి ముఖంలో ఉండదు, బట్టలో ఉంటుంది.

సరిగ్గా ఆ 1754లోనే మరాఠా దళాలు భీమిలి మీద పడి డచ్చి స్థావరాన్ని దోచుకున్నాయి. బటావియాలో గొడుగులు లెక్కపెడుతుంటే ఇక్కడ గోడలే కూలుతున్నాయి. ఈ రెండు విషయాలకీ కార్యకారణ సంబంధం ఉందని నేను అనడం లేదు. బొమ్మలోని ఆ నిశ్చలమైన ముఖాన్ని చూసేటప్పుడు రెండూ ఒక్క ఏడాదే జరిగాయని గుర్తుంచుకుంటే చాలు.

బట్ట దగ్గరకి వచ్చాం కాబట్టి ఇంకో అడుగు వేద్దాం. డచ్చివాళ్ళు మన తీరానికి వచ్చిందే బట్ట కోసం. ఇక్కడి నేతబట్టని తూర్పు దీవులకి పట్టుకెళ్ళి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. ఆ బట్టకి పుంజాల లెక్క ఉండేది. పుంజం అంటే 120 పడుగు పోగులు. పద్నాలుగు పుంజాల గుడ్డ అంటే పద్నాలుగు పుంజాలూ ఉండాలి. తగ్గితే రెండో రకం కింద కడతారు, లేదా తిప్పి పంపేస్తారు. కలంకారీ అద్దకం అయితే నమూనా ముందే వస్తుంది. ఈ పువ్వు, ఈ తీగ, ఈ రంగు, ఇలాగే కావాలి అని. బందరు అద్దకం పనివాడు తను ఎప్పుడూ చూడని పువ్వుని కాగితం మీద చూసి బట్ట మీద దించేవాడు. దించుతూ దించుతూ తన చెయ్యికి అలవాటైన వంపుని కలిపేసేవాడు. ఆ బట్టలు హాలండ్ చేరి, హిందెలోపెన్ అనే చిన్న రేవు ఊళ్ళో ఆడవాళ్ళ పొడుగు చొక్కాలయ్యాయి. ఇప్పుడు అవి ఆ ఊరి 'సంప్రదాయ దుస్తులు'.

అంటే ఒకే కంపెనీ కింద రెండు రకాల అజ్ఞాత నకలుకారులు పనిచేశారు. ఒకడు అధికారి కోటుని రంగుల్లో దించాడు. ఇంకొకడు అలాంటి బట్టలనే దారంతో, అద్దకంతో చేశాడు. మొదటివాడి పని మ్యూజియంలో చిత్రకళ విభాగంలో ఉంటుంది, రెండోవాడిది వస్త్ర విభాగంలో. ఒకే గోడమీద ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టిన ప్రదర్శన ఎవరైనా చేస్తే టికెట్టు కొనుక్కుని వెళ్తాను.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డు చెప్పుకోవాలి. నకలుకారుడి మీద ప్రేమ ఎక్కువైతే బొమ్మలో ఉన్నాయన మీద కోపం తగ్గిపోయే ప్రమాదం ఉంది. మోసెల్ పాలన నల్లమందు వ్యాపారంతో పెనవేసుకున్న పాలన. చట్టంలో లెక్కపెట్టిన ఆ బానిసలు ఎక్కడివాళ్ళు? అంతకు ముందు శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా ఇదే కోరమాండల్ తీరం నుంచి, పులికాట్ రేవు నుంచి, మనుషుల్ని కొని బటావియాకి ఎక్కించింది ఈ కంపెనీయే. 1665లో యాకొబ్ కూమన్ బటావియాలో పీటర్ క్నోల్ అనే కంపెనీ ఉద్యోగి కుటుంబాన్ని బొమ్మ వేశాడు. క్నోల్, భార్య, ఇద్దరు కూతుళ్ళు. వెనక నీడలో ఇద్దరు బానిసలు. చిత్రం శీర్షికలో ఆ ఇద్దరి పేర్లు లేవు. చిత్రకారుడి పేరు మనకి తెలుసు కాబట్టి ఆ ఇద్దరికీ ఒరిగిందేమీ లేదు. 'అజ్ఞాత' అనే గౌరవం కూడా దక్కనివాళ్ళు ఉన్నారు. చెయ్యి తెలియకపోవడం ఒక నష్టం, మనిషే లెక్కలోకి రాకపోవడం వేరే నష్టం. రెండిటినీ కలిపేసి 'పాపం అజ్ఞాతులు' అంటే నాకు నచ్చదు.

రాదెన్ సాలెహ్ దీనికి ఒక జవాబు వేశాడనిపిస్తుంది. జావా యువరాజు దిపొనెగొరోని 1830లో డచ్చివాళ్ళు సంధి మాటలకని పిలిచి పట్టుకున్నారు. దాన్ని నికొలాస్ పీనెమన్ 'లొంగుబాటు'గా వేశాడు. భవనం మీద డచ్చి జెండా, పై మెట్టు మీద సేనాధిపతి. పీనెమన్ జావా ఎప్పుడూ చూడలేదు. 1857లో సాలెహ్ అదే దృశ్యాన్ని మళ్ళీ వేశాడు. పేరు 'అరెస్టు' అయింది. జెండా తీసేశాడు. సేనాధిపతిని యువరాజు నిలుచున్న మెట్టు మీదకే దించాడు. డచ్చి అధికారుల తలలు ఒంటికి మించి పెద్దవిగా వేశాడు. బొమ్మలు వేయడం చేతకాకా? గవర్నర్ జనరళ్ళ ముఖాలని ఏళ్ళ తరబడి దగ్గర్నుంచి చూసినవాడికి ఒక తల ఎంత ఉండాలో తెలియదా? మా భాషలో దీన్ని ఫోర్క్ అంటాం. పాత కోడ్‌ని తీసుకుని, నాలుగు లైన్లు మార్చి, మొత్తం ప్రోగ్రాం అర్థాన్నే తిప్పేయడం. మక్కీకి మక్కీ దించడం నేర్చిన చెయ్యికే ఎక్కడ దించకూడదో కూడా తెలుస్తుంది.

ఇదంతా మూడు వందల ఏళ్ళ కిందటి గొడవ, మనకెందుకు అంటారేమో. చోడవరంలో మా పాత ఇంటి నడవాలో మా తాతగారి పటం ఉంది. ఆయన పోయాక చేయించింది. పెళ్ళి గ్రూప్ ఫోటోలో మూడో వరుసలో ఉన్న ముఖాన్ని స్టూడియోలో ఎన్‌లార్జ్ చేసి, మసకబారిన చోట బ్రష్షుతో దిద్ది, నల్ల కోటు తొడిగారు. ఆయన జన్మలో కోటు వేసుకోలేదు. చెరుకు బళ్ళ వెనకాల తిరిగిన మనిషి. దిద్దిన ఆర్టిస్టు ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. గోవాడ ఫ్యాక్టరీ వైపు వెళ్ళే చెరుకు లోడ్ల దుమ్ము ఆ అద్దం మీద ఏళ్ళ తరబడి పడుతూనే ఉంది.

ఈమధ్య మా పెదనాన్నగారి అబ్బాయి ఆ పటాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ఏదో ఏఐ యాప్‌లో వేసి, 'క్లియర్' చేయించి, కొత్త ఫ్రేము కట్టించి తెచ్చాడు. చర్మం నున్నగా ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి, ప్రతి వెంట్రుకా విడివిడిగా కనిపిస్తోంది. మామ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఈయనెవులురా?" అంది. అన్నయ్య నొచ్చుకున్నాడు. "తాతయ్యే మామ్మా, బాగా చేయించాను" అన్నాడు. "మీ తాత ఇలా ఉండేవోడు కాడు బాబూ" అని పక్కన పెట్టేసింది. ఆవిడ దృష్టిలో కోటు తొడిగిన పాత పటం తాతే. పూర్తిగా నిజమైన ఫోటో ఏమీ కాదది. సగం బ్రష్షు పనే.

నేను ఈ రంగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ యాప్ ఏంచేస్తుందో కొంత చెప్పగలను. చిత్రంలో సమాచారం లేనిచోట, లక్షల ముఖాలు చూసి నేర్చుకున్నదాన్ని బట్టి 'ఇక్కడ ఇలా ఉండే అవకాశం ఎక్కువ' అన్నది నింపుతుంది. అది నకలు తీయడం కాదు, సగటు తీయడం. స్టూడియో ఆర్టిస్టు కూడా లేనిది నింపాడు నిజమే. కోటే అబద్ధం. కానీ ఆ కోటు ఎందుకు వేశాడో మనకి తెలుసు. పోయినాయన్ని గౌరవంగా చూపించాలని, ఆ రోజుల్లో గౌరవం అంటే కోటని. ఆ అబద్ధానికి ఒక ఉద్దేశం ఉంది, ఒక కాలం ఉంది, దాన్ని చదవొచ్చు. యాప్ నింపిన ముఖంలో చదవడానికి ఎవరూ లేరు. ఈ తేడాని చెప్పడానికి మనకి ఇప్పుడు మాటలు కావాలి. అవి మోసెల్ లాంటివాళ్ళ కోట్లు వేసిన పేరులేని చేతుల దగ్గర దొరుకుతాయనే నా నమ్మకం. నకలుని 'తక్కువరకం అసలు'గా చూసినంతకాలం, సగటుని నకలు నుంచి వేరుచేసి చూడలేం.

సాహిత్యంలో మనం ఈ పాఠం కొంత నేర్చుకున్నవాళ్ళమే. ప్రతి అనే మాటకే తెలుగులో నకలు అని అర్థం. తాళపత్రాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎక్కుతూనే బతికాయి. చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నన్ను తిట్టొద్దు అని లేఖకులు చివర్లో వేడుకునేవారు. సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని పెట్టుకుని, తన డబ్బు పోసి, ప్రతులు రాయించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. అప్పట్నుంచి పాఠాంతరం అనేది పరిశోధకులకి తప్పు మాత్రమే కాదు, ఆధారం కూడా. ఒక లేఖకుడు ఒక మాటని ఎందుకు మార్చాడన్న దాంట్లో ఆ ఊరి ఉచ్చారణ, ఆ కాలపు నమ్మకం, ఒక్కోసారి నిద్రమత్తు కూడా దొరుకుతాయి. బొమ్మల దగ్గర మాత్రం మనం ఇంకా ఒకే ఒక్క 'మూలం' కోసం వెతుకుతున్నాం.

బందరు డచ్చి సమాధుల దగ్గర రాళ్ళ మీద వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. ఎవరు పోయారు, ఏ హోదాలో పోయారు, ఎన్నేళ్ళకి పోయారు, అన్నీ ఉంటాయి. చెక్కినవాడి పేరు ఉండదు. ఈసారి అటు వెళ్ళినవాళ్ళు ఆ పేర్లు చదవడం అయ్యాక, ఒక్క అక్షరం మీద వేలు పెట్టి దాని అంచు వెంబడి నడిపించి చూడండి. ఎక్కడ ఉలి తేలిగ్గా వెళ్ళిందో, ఎక్కడ ఆగి ఆగి వెళ్ళిందో వేలికి తెలుస్తుంది.